ఒంగోలులో పాత కారు బేరం

ఒంగోలు పేరు చెప్పగానే పై ఊళ్ళవాళ్ళకు గిత్త జ్ఞాపకం వస్తుంది. అందులో తప్పేమీ లేదు. మా పక్కనున్న కరవది ఊరి పేరుతోనే ఒక ఆంబోతు 1960ల మొదట్లో సముద్రాలు దాటి బ్రెజిలు వెళ్ళి, అక్కడి మందలకు మూలపురుషుడై కూర్చుంది. కాకపోతే ఆ దేశంవాళ్ళు మన జాతిని ‘నెలోరె’ అని నెల్లూరు పేరుతో పిలుచుకుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది!

చెప్పవచ్చేదేమంటే, ఇటువంటి ఊళ్ళో పూర్వం పశువును ఎంచటం చేతకాని ఆసామి వుండేవాడు కాడు. పళ్ళు చూచి ఈడు చెప్పేవారు. సుడి చూచి శకునం చెప్పేవారు. నాలుగడుగులు నడిపించి బలం చెప్పేవారు. ట్రాక్టర్లు వచ్చినై, ఎడ్లు తగ్గినై. ఆ పాండిత్యమంతా ఏమైపోయిందా అని నేను చాలాకాలం విచారించేవాణ్ణి. ఎక్కడికీ పోలేదు, పాత కార్ల మీదికి బదిలీ అయింది. నేను కారు కొనబోతున్నానని స్టాఫ్ రూములో ఒకనాడు నోరు జారాను. అంతే! లెక్కల లెక్చరరు మొదలు అటెండరు దాకా తలా ఒక శాస్త్రం విప్పారు. తెలుగు ఎం.ఏ. చదివినందుకు నాకొక్కడికే ఏ శాస్త్రమూ రాదని ఆ రోజు తేలిపోయింది.

ఇంతకీ నాకు కారు ఎందుకయ్యా అంటే, నా కాపురం ఒంగోలు, ఉద్యోగం అద్దంకి. క్రీస్తుశకం 848 నాటి పండరంగని శాసనం దొరికిన ఊళ్ళో తెలుగు పాఠం చెప్పటం నావంటివాడికి గొప్పే. అయితే ఆ గొప్పకోసం రోజూ హైవే మీద త్రోవగుంట దాటి, గుండ్లకమ్మ దాటి, మేదరమెట్ల దగ్గర ఎడమకు తిరిగి వెళ్ళాలి. రానూ పోనూ డెబ్బయ్యయిదు కిలోమీటర్లకు తగ్గదు. పదకొండేళ్ళు స్కూటరు మీద తిరిగాను. రెండేళ్ళ కిందట కార్తీకంలో, చీకటి పడేవేళ, గ్రానైటు రాళ్ళు వేసుకుపోతున్న లారీ ఒకటి నన్ను ముట్టుకోలేదు గాని దాని గాలి నన్ను రోడ్డు దించింది. మెడకింద ఎముక విరిగింది. కట్టు విప్పేలోగానే మా ఆవిడ స్కూటరును అమ్మించేసింది. ఆ తరువాత బస్సు.

బస్సుతో నాకేమీ పేచీ లేదు. పేచీ మా నాయనతో వచ్చింది. అమ్మ పోయిన తరువాత ఆయన్ను ఒంగోలు తెచ్చుకున్నాం. డెబ్బయ్యెనిమిదేళ్ళు. అద్దంకి అవతల రేగడి పొలాల్లో మా ఊరు, మిరప, పత్తి. పొలం కౌలుకిచ్చినా ఆయన మనస్సు కౌలుకు పోలేదు. వారానికొకసారి కళ్ళం చూడకపోతే అన్నం సయించదు. మోకాళ్ళు అరిగి బస్సు మెట్లు ఎక్కలేడు. పోయిన సంక్రాంతికి బస్సు ఎక్కించబోతే కండక్టరు, నేను చెరొక రెక్క పట్టి లేపాల్సి వచ్చింది. ఆయన సీట్లో కూర్చుని అద్దంకి దాకా నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, “ఇక రాను లేరా,” అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చీటీ పాట డబ్బు మూడు లక్షలు చేతికి వచ్చింది. మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో ఏడు. వచ్చే సంవత్సరం ఇంజనీరింగు ఫీజులు. కాబట్టి మూడు లక్షలు దాటేందుకు వీల్లేదు. అప్పు చేసేందుకు అంతకన్నా వీల్లేదు. ఇంటి అప్పు ఇంకా ఆరేళ్ళున్నది.

“కొత్తదే కొనండి, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 28 నుంచి 18కి దించారుగా,” అన్నాడు లెక్కల లెక్చరరు. నిజమే. కాని షోరూము ధర మీద రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు కలిసేసరికి అన్నిటికన్నా చవకది గూడా నా గీత దాటిపోయింది. ఆ తగ్గింపువల్ల నాకు కలిగిన లాభం ఒకటే: కొత్తవి దిగటంతో పాతవాళ్ళు గూడా పూర్వంలాగా బిగదీయటం లేదు.

ఇంట్లో షరతులు పుట్టినై. అమ్మాయికి ముందు రెండు ఎయిర్ బ్యాగులుండాలి. నా ఎముక విరిగిన నాడు ఆస్పత్రిలో ఆ పిల్ల ముఖం చూచినవాణ్ణి గనుక ఆ షరతును కాదనలేదు. మా ఆవిడకు వెనక తలుపు పైకి లేచి, రెండు బియ్యం బస్తాలు పట్టాలి. నాకు పెట్రోలు తక్కువ తాగాలి. నెలకు ఇరవైనాలుగు రోజులు తిరిగితే పద్ధెనిమిది వందల కిలోమీటర్లు. లీటరుకు పద్ధెనిమిది ఇచ్చినా వంద లీటర్లు. మా దగ్గర లీటరు నూటపదికి అటూ ఇటూ. అంటే పదకొండు వేలు! అద్దంకిలోనే పనిచేసే ఇద్దరు మిత్రులు సీటుకింతని పంచుకుంటామంటేనే నాకు గుండె నిలిచింది. మా నాయన షరతు ఒక్కటే. “గుమ్మంలోంచి గదిలోకి పోయినట్టు పోవాల. గుంటలోకి దిగినట్టు దిగకూడదు.”

మా వీధి చివర షెడ్డు వేసుకున్న మెకానిక్ భాయిని ఆశ్రయించాను. కారు చూచినందుకు అయిదువందలు. కొనకపోయినా అయిదువందలే. ఆయన మొదటి రోజే ఒక మాట అన్నాడు.

“సార్, ఏ కంపెనీది అని తరువాత అడుగుదాం. ఏ రోడ్డుది అని ముందు అడగండి.”

ఈ మాట లోతు నాకు మూడు వారాల్లో తెలిసింది. ఒంగోలు చూడటానికి ఒక్క ఊరే గాని, నాలుగు దిక్కులా నాలుగు దేశాలున్నై. తూర్పుగా ఇరవై కిలోమీటర్లు గూడా లేకుండా కొత్తపట్నం, సముద్రం. పడమట చీమకుర్తి, రాతి గనులు. ఉత్తరాన, వాయవ్యాన రేగడి నేలలు. మధ్యగా చెన్నై, కలకత్తా హైవే. ఏ దిక్కున తిరిగిన కారు ఆ దిక్కు గుర్తు ఒంటిమీద వేసుకుని వస్తుంది. ఇన్నేళ్ళు ఇక్కడ వుండి ఈ భూగోళం నేను ఒక మెకానిక్ దగ్గర చదువుకున్నాను.

మొదటిది కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులకు తిరిగిన ఎర్ర కారు. పైకి పెళ్ళికూతురులా వున్నది. భాయి తలుపు కింద అంచున స్క్రూడ్రైవరు మొన పెట్టి నెమ్మదిగా నొక్కాడు. అప్పడంలోకి దిగినట్టు దిగింది. ఉప్పుగాలి రంగు మీద కాదట, రంగు కింద పనిచేస్తుంది. కింద గొట్టాలు, మడతలు, నీళ్ళు నిలిచే మూలలు చూడకుండా ఆ వైపు బండి కొనరాదని ఆయన తీర్పు.

రెండవది చీమకుర్తిది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైటు పై దేశాల మేడల్లో వెలుగుతుంది గాని, దాని దుమ్ము మాత్రం ఇక్కడే వుంటుంది. గాలి ఫిల్టరు తీస్తే పిండిజల్లెడ. గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర తలుపు కొట్టిన చప్పుడు. అది డీజిలు బండి గూడా. వద్దనుకుని వచ్చేశాం.

తరువాత ఒకటి మా వైపుదే, రేగడి దేశపు బండి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. దానిమీద వేసిన రోడ్డు రెండేళ్ళకు అలలు తేలుతుంది. ఆ అలల మీద నిండు బస్తాలతో తిరిగిన కారు పొట్ట అంతా గీతలే. ఇంజను నూనె నిలిచే డొప్పకు సొట్ట. “మనోడే పాపం,” అన్నాడు నాయన దాన్ని చూచి, చుట్టం ఎదురైనట్టు.

ఇప్పుడు నా తెలివితక్కువ సంగతి చెప్పక తప్పదు.

ఒక ఆదివారం సాయంత్రం అమ్మాయిని తీసుకుని బైపాసు పక్కన పాత కార్లు పెట్టి అమ్మే షెడ్డుకు వెళ్ళాను. భాయి ఊళ్ళో లేడు. నాయన నిద్రపోతున్నాడు. అక్కడ నీలిరంగు చిన్న కారు, 2019లో రిజిస్టరైనది, ఇరవైరెండు వేల కిలోమీటర్లే తిరిగింది, రెండు లక్షల ఎనభై వేలు! అటువంటివి మూడున్నరకు తక్కువ నేనెక్కడా వినలేదు. లోపల కొత్త సీటు తొడుగులు, కొత్త తివాచీ, అత్తరు వాసన. నా బిడ్డ స్టీరింగు ముందు కూర్చుని నవ్వింది. “రేపు పొద్దున చీరాల పార్టీ వస్తున్నది సార్, మీ ఇష్టం,” అన్నాడు అమ్మే ఆసామి. పదివేలు బయానా ఇచ్చేశాను. పద్యాల్లో ప్రలోభాన్ని గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. నా ముందు నిలబడితే గుర్తుపట్టలేదు.

మరునాడు నాయననూ భాయినీ వెంటపెట్టుకు వెళ్ళాను, చూపించి మెప్పు పొందుదామని. నాయన వెనకసీట్లో కూర్చున్నాడు. తలుపు వేయమన్నాడు. రెండు నిమిషాలు అలాగే కళ్ళు మూసుకుని వున్నాడు. ఎండకు సొమ్మసిల్లాడేమోనని నేను కంగారుపడ్డాను. ఆయన తలుపు తీసి, నా ఒక్కడికే వినపడేట్టు అన్నాడు:

“ఒరే అబ్బాయ్, తడిసి ఆరిన కాయరా ఇది.”

మిరప పండించేవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. కళ్ళంలో ఆరబోసిన కాయ మీద అకాల వాన పడుతుంది. మళ్ళీ ఎండబెడతారు. చూపుకు ఎర్రగానే వుండవచ్చు. కాని చేత్తో పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒక ముక్క వాసన. ఏ కమీషనుదారైనా అక్కడ ధర సగం కోస్తాడు. ఆ వాసన అత్తరు చాటున నాయనకు దొరికింది.

భాయి మాట్లాడకుండా ముందుసీటు బెల్టు పట్టి లాగాడు. లాగి, లాగి, చివరికంటా లాగాడు. మామూలుగా మనం ఎన్నడూ చూడని ఆ కొసన, తెల్లచీర అంచులా, గోధుమరంగు గీత. నీళ్ళు అంతవరకూ నిలిచినై అన్నమాట. వెనక స్పేరు చక్రం ఎత్తితే కింద గుంటలో గోళ్ళకు అంటుకునే మెత్తటి ఒండ్రు. సీట్లు జరిపే పట్టాల బోల్టులు తుప్పు. ఆర్‌సీలో చిరునామా చూచాను. బెజవాడ, సింగ్ నగర్ వైపు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతాన్ని రోజుల తరబడి ముంచేసిన సంగతి అందరికీ తెలుసు. మనుషులనూ, వంటింటి సామానునూ, పిల్లల పుస్తకాలనూ గురించి అనుకున్నాం గాని ఆ మునిగిన కార్లన్నీ ఎక్కడికి పోయినయ్యో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇన్సూరెన్సువాళ్ళు కొన్నిటిని పనికిరానివిగా లెక్కగట్టి వేలం వేస్తారట. కొని, ఆరబెట్టి, తొడుగులు మార్చి పై ఊళ్ళలో అమ్మేవాళ్ళుంటారట. పూర్వం మా జిల్లా బండి అంటే ఏపీ 27, బెజవాడది అంటే ఏపీ 16 అని నంబరే చెప్పేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 అయ్యాక నంబరు చూచి ఊరు పోల్చే వీలు పోయింది.

“ఇంజను నడుస్తుంది సార్. ఏడాది నడుస్తుంది, రెండేళ్ళు గూడా నడవచ్చు,” అన్నాడు భాయి. “వైర్ల ముడుల్లో తేమ తిన్నది మాత్రం ఊరుకోదు. ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద కంప్యూటరు కళ్ళు మూస్తుంది. ఎయిర్ బ్యాగు తెరుచుకోవలసిన నాడు తెరుచుకుంటుందని ఎవరు పూచీ?”

అమ్మాయి నీలికారు వైపు చూడటం మానేసింది. నాకు ఆ కారును మొదట కొన్న మనిషి జ్ఞాపకం వచ్చాడు. ఆయనా నావంటివాడే అయివుంటాడు, ఏ చీటీ డబ్బుతోనో కొనివుంటాడు.

బయానా తిరిగి ఇవ్వనన్నాడు అమ్మే ఆసామి. ఇంకో కారు తీసుకోమన్నాడు. రెండు గంటలు వాదించి అయిదువేలు తెచ్చుకున్నాను. తతిమ్మా అయిదువేల సంగతి మా ఆవిడకు ఈ వ్యాసం చదివాకనే తెలుస్తుంది.

ఆ తరువాత పదిహేను రోజులు కారు మాట ఎత్తలేదు. చివరికి మా చరిత్ర లెక్చరరు, లాయరుపేటలో రిటైరయిన హెడ్మాస్టరుగారొకరు తమ వ్యాగనార్ అమ్ముతారట అని చెప్పింది. ఏ కాగితంలోనూ ప్రకటన లేదు. ఎవరైనా ‘సరయిన మనిషి’ వస్తే ఇస్తారట. పరీక్షకు పోయినట్టే పోయాం.

ఎత్తుగా, పెట్టెలాగా వున్న తెల్ల కారు. ఏపీ 27 నంబరు, 2017. నాయన తలుపు తీసి, ఒక కాలు పెట్టి, కూర్చుని, రెండో కాలు లోపలికి తెచ్చుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మూడోసారి ఎక్కి అలాగే కూర్చున్నాడు.

హెడ్మాస్టరుగారు ఒక ఫైలు తెచ్చారు. కొన్ననాటి నుంచి ప్రతి సర్వీసు బిల్లూ తేదీలవారీగా కుట్టి వున్నది. ఎర్రసిరాతో పక్కన వ్రాతలు: ‘బ్రేకు చప్పుడు, మళ్ళీ చూడవలెను’. ముప్ఫైయెనిమిది వేల కిలోమీటర్లు. మీటరు వెనక్కి తిప్పటం ఎవరికైనా చేతనవుతుంది. బిల్లుబిల్లుకూ అంకె పెరుగుతూ వచ్చిన ఫైలును పుట్టించటం కష్టం. ఎయిర్ బ్యాగులు రెండూ వున్నై. కొత్త కార్లన్నిటికీ డ్రైవరు బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి అయింది గాని, ఈయన అంతకు ముందే పైన డబ్బు కట్టి వేయించుకున్నారు. భాయి బెల్టులు చివరికంటా లాగాడు. తెల్లగానే వున్నై. స్పేరు చక్రం కింద పొడి. అప్పుడు ఆయన టైర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరు పక్కన నాలుగంకెలుంటై. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ‘2317’ అంటే 2017లో ఇరవైమూడో వారం.

“గాడులు బాగానే వున్నై గాని రబ్బరు ముసలిది,” అన్నాడు భాయి.

“అవునయ్యా. నాలుగూ మార్చాలి. ఆ సంగతి నేనే చెబుదామనుకుంటున్నాను,” అన్నారు హెడ్మాస్టరుగారు, విద్యార్థి సరయిన జవాబు చెప్పినట్టు సంతోషిస్తూ.

ఇంతసేపూ సీట్లోంచి దిగని నాయన అప్పుడడిగాడు. “ఎందుకమ్ముతున్నారండీ?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంట్లోమనిషికి రెండేళ్ళు గుంటూరు ఆస్పత్రికి తిప్పానండీ దీంట్లో. పోయిన ఏడు పోయింది. నాకా, నీటికాసులు. పక్కనుంచి వచ్చేది కనపడటం లేదు. మొన్న చర్చి సెంటరులో సైకిలు కుర్రవాడు వెంట్రుకవాసిలో తప్పాడు. ఆ సాయంత్రం తాళం లోపల పెట్టేశాను.”

నాయన ఇక ఆ ప్రశ్న జోలికి పోలేదు. సంతలో పూర్వం తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని బేరాలు చేసిన మనిషి, ఆ రోజు నోటితోనే, గట్టిగానే బేరం చేశాడు. ఆయన మూడన్నారు. నాయన టైర్లు చూపించి రెండూ డెబ్బయి అన్నాడు. రెండూ ఎనభైకి కుదిరింది. చేతులు కలుపుకున్నారు.

కాగితాల దగ్గర హెడ్మాస్టరుగారు నన్ను బడిపిల్లవాణ్ణి చేశారు. 29వ ఫారం, 30వ ఫారం తామే నింపి తెచ్చారు. పేరు మారేదాకా తాళం ఇచ్చేది లేదన్నారు. “బండి నీ దగ్గర, పేరు నాది. రేపు ఎవరికైనా తగిలితే కోర్టు నన్ను పిలుస్తుంది. 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, రిజిస్టరులో ఎవరి పేరుంటే వాడే బాధ్యుడని.” ఇన్సూరెన్సు పధ్నాలుగు రోజుల్లో నా పేరుకు మార్పించుకోవాలి, ప్రమాదాలు చేయనందుకు ఆయనకు జమయిన తగ్గింపు మాత్రం ఆయనదే, కారుతో నాకు రాదు. చలానాలు ఒక్కటీ బాకీ లేవు. అది నేను అడగకుండానే ఫోనులో చూపించారు.

తాళం ఇచ్చేరోజున ఆయన వెంకటేశ్వరస్వామి బొమ్మ వున్న గొలుసును దానినుంచి విడదీసి జేబులో వేసుకున్నారు. ఉత్త తాళం నా చేతిలో పెట్టారు. నేను చిన్నబుచ్చుకున్నాను గాని, బయటికి వచ్చాక నాయన అన్నాడు: “పలుపు వుంచుకున్నాడురా. ఎద్దునిచ్చినోడు పలుపియ్యడు.” మా ఊళ్ళో అది మర్యాద. ఆయన తన ఆఖరి జత అమ్మిన రోజున, పలుపులు రెండూ తెచ్చి దూలానికి కట్టటం నాకు జ్ఞాపకమే. ఇప్పటికీ అక్కడే వున్నై.

టైర్లు మార్చి, ఆ ఆదివారం అందరం మా ఊరు వెళ్ళాం. మేదరమెట్ల దాకా నేను యాభై దాటలేదు. వెనకవాళ్ళంతా హారన్లతో నన్ను ఆశీర్వదించారు. అద్దంకి దాటి రేగడి రోడ్డు మీద అలలు మొదలయ్యేసరికి నాయన సర్దుకుని కూర్చుని, ఎక్కడ కుడికి తీయాలో, ఎక్కడ గుంట వున్నదో చెప్పసాగాడు. ఒక్కటీ తప్పలేదు. కళ్ళంలో కాయ ఎర్రగా, కనుచూపుమేర పరిచి వున్నది. తలుపు తీసుకుని ఆయన తానే దిగి, కర్ర పోటు వేసుకుంటూ కాయల మధ్యకు నడిచాడు. ఒక కాయ తీసి విరిచి వాసన చూచి కౌలుదారు వైపు తల వూపాడు.

వచ్చేటప్పుడు వెనక ఒక బస్తా ఎండుమిరపకాయలు వేశాం. ఒంగోలు చేరేదాకా అయిదు నిమిషాలకొకరం తుమ్ముతూనే వున్నాం. అద్దాలు దించినా లాభం లేకపోయింది. మర్నాడు అద్దంకి ప్రయాణంలో నా మిత్రులిద్దరూ తుమ్మి, సీటు బాడుగలో తగ్గింపు కావాలన్నారు.

ఆ రాత్రి హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. టైర్లు మార్పించానా లేదా అని.